మగ్గం గుంటలో రేడియో గొంతు

రేడియోలో సాయంత్రంపూట రైతుల కార్యక్రమం వినిపించే గంగాధరప్ప ఆ ఆదివారానికి వేసుకున్న పథకం చిన్నదే. తన మాటలు ముందురోజే టేపులోకి ఎక్కించి, పొద్దున రైలుకు ధర్మవరంలోని ఇంటికి వచ్చేశాడు. సాయంత్రం పెనుకొండ నుంచి సరస్వతమ్మ తండ్రి బాలప్ప వస్తాడు. ఆయన పక్కనే కూర్చుని తన గొంతు వినిపిస్తే కూతురిని ఇవ్వడానికి ఇంకేం అడ్డం? సరస్వతమ్మంటే గంగాధరప్పకు ప్రాణం. బాలప్పకేమో రేడియో ఉద్యోగమంటేనే అనుమానం.

తల్లి రామాంజినమ్మ గుమ్మంలోనే నిలదీసింది. "నువ్వు ఈడుంటే ఆడ మాట్లాడేదెవరు?"

"టేపుమ్మా. నిన్ననే మాట్లాడి పెట్టి వచ్చినా."

"మాటలు ఊరగాయ మాదిరి పెట్టి వస్తారా? నాకే నమ్మకం లేదు, ఆయప్ప నమ్ముతాడా?"

సాయంత్రం వీధిలో బాలప్ప దగ్గు వినబడగానే ఆమె కొడుకును మగ్గం గుంటలోకి తోసేసింది. నేతగాడి కాళ్లుండే చోట రేడియో ఉద్యోగి ముడుచుకుని కూర్చున్నాడు.

హిందూపురం చుట్టాల దగ్గర అరువు తెచ్చిన రేడియో పలికింది. బాలప్ప శ్రద్ధగా విన్నాడు. "గొంతు బాగుండాదమ్మా. పిల్లోడు పైకొస్తాడు."

గుంటలో గంగాధరప్పకు కళ్లు చెమర్చాయి. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ బాలప్పదీ నేతపనే, సగం నేసిన చీర కనబడితే ఆయన చేయి ఊరుకోదు. వచ్చి మగ్గం ముందు కూర్చుని, అలవాటుగా రెండు కాళ్లూ గుంటలోకి దించాడు.

గంగాధరప్ప కెవ్వుమని లేచాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి రేడియో ఆగిపోయింది.

బాలప్ప రేడియోను చూశాడు, మనిషిని చూశాడు. "ఏమబ్బా, మాట నడుమ వదిలేసి వచ్చేస్తివే?"

"లేదు మామా, పొద్దున్నుంచి ఈడనే ఉండా."

"అయితే మాట్లాడింది నువ్వు కాదు. నువ్వే అయితే పని వదిలేసి వస్తివి. ఏది నిజమో చెప్పు."

టేపు సంగతి చెబుతుంటే గంగాధరప్పకే అది అబద్ధంలా వినిపించింది. ఇంతలో కరెంటు వచ్చింది. రేడియోలో ఎవరో ఆడమనిషి పాడుతోంది.

"చూస్తివా, నువ్వు లేవని ఆయమ్మను కూర్చోబెట్టినారు."

అబద్ధాలకోరు అనిపించుకోవడం కన్నా ఇదే నయమనుకుని, పని వదిలే వచ్చానని గంగాధరప్ప ఒప్పేసుకున్నాడు.

"నిజం చెప్పినావు, మంచోనివే. పనిలో నిలవనోనికి పిల్లనెట్ల ఇచ్చేది?" బాలప్ప పైపంచ దులుపుకుని వెళ్లిపోయాడు. గంగాధరప్ప మళ్లీ ఆ గుంటలోనే కూలబడి, ఇంత గొంతుండి ఏం లాభమని ఏడ్చాడు.

తరువాతి ఆదివారం అతని గొంతు మామూలుగానే రేడియోలో వినబడింది. ఆ వెంటనే పెనుకొండ నుంచి రామాంజినమ్మకు కబురొచ్చింది: "మీవాని పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లోడు వానికన్నా బాగా మాట్లాడతాండాడు. వానికి పెండ్లి కాకుంటే మా సరస్వతమ్మకు అడిగి చూడండి."