మరమ్మతు నిమిత్తం లోవకుమారి

జూన్‌లో బడి తెరిచేనాటికి మాట్లాడే ట్యాబు నాలుగో తరగతి నుంచి ఐదో తరగతికి వచ్చింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునే లోవకుమారి మాత్రం దాని అనుబంధ పరికరాల జాబితాలోకి వెళ్ళింది.

తునిలోని ఆ ప్రాథమిక పాఠశాలలో ప్రత్యేక ఉపాధ్యాయిని శేషారత్నానికి ఇందులో వింతేమీ తోచలేదు. ఎక్కడ మొదలైందో మాత్రం కుతూహలంగా వెతికింది. నోట మాట రాని లోవకుమారికి నిరుడు ఆ ట్యాబు ఇచ్చారు. నీళ్ళ బొమ్మ నొక్కితే "నాకు దాహంగా ఉంది" అని అది పలికేది. హాజరు కోసం పిల్లల ముఖాలు ఫొటో తీసి నమోదు చేసిన రోజున పిల్ల సిగ్గుపడి ట్యాబును మొహానికి అడ్డం పెట్టుకుంది. వెనక ఇంకా నలభైమంది నిలబడి ఉన్నారు. శేషారత్నం అలాగే ఫొటో తీసింది. యాప్ ఆ ముఖాన్నే విద్యార్థిగా అంగీకరించింది.

తర్వాతంతా సక్రమంగానే సాగింది. ట్యాబు ఒక్కరోజూ బడి మానలేదు. వైద్యపరీక్షలో రెండంగుళాలు పెరిగినట్టు తేలింది. మధ్యాహ్న భోజనంలో దాని ముందు పెట్టిన గుడ్డుకు పెంకు మాత్రమే మిగిలేది. డిసెంబరు నుంచి ఎవరూ నొక్కకుండానే ఎక్కాలు అప్పజెప్పింది.

చిక్కల్లా ఈ జూన్‌లో, పిల్ల జాబితాకెక్కిన రోజు సాయంత్రం నాలుగింటికి వచ్చింది. అనుబంధ పరికరాలను బీరువాలో పెట్టి తాళం వేయాలన్నది నియమం. తల్లి నూకరత్నం ఇస్త్రీ బండి వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"మా పిల్లని బీరువాలో పెట్టేత్తారేటండీ?"

"కంగారుపడకు నూకరత్నం. రూల్సు పుస్తకం ఓసారి చూడనీ."

శేషారత్నం రెండుసార్లు చదివి దారి కనిపెట్టింది. మరమ్మతు నిమిత్తం పరికరాన్ని బయటికి పంపవచ్చు. రోజూ నాలుగింటికి ఆమె చీటీ రాసేది; "మరమ్మతుదారు" అన్నచోట నూకరత్నం వేలిముద్ర వేసేది. మర్నాడు పొద్దున్న పిల్లకు రెండు జడలు వేసి, రిబ్బన్లు కట్టి, "బాగుచేయడమైనది" అని తిరిగి అప్పగించేది.

ముప్పైసార్లకు మించి మరమ్మతుకు వెళ్ళిన పరికరాన్ని అధికారి స్వయంగా చూడాలి. మండల తనిఖీ అధికారి పట్టాభి వచ్చాడు.

"ముప్పై ఒకటా మేడమ్! మా ఇంట్లో మిక్సీ కూడా ఇన్నిసార్లు పోలేదండి."

"మొండి లోపమండి."

"అయితే చూపించండి. లోపం లేదా, ఈపూట నుంచే బీరువా. ఇంక చీటీల్లేవు."

చూపించడానికి శేషారత్నం దగ్గర ఏమీ లేదు. కూర్చోమన్నచోట లోవకుమారి చప్పుడు చేయకుండా కూర్చుని ఉంది. ఒక పరికరం నుంచి అంతకన్నా కోరదగినది లేదు. పట్టాభి పిల్ల భుజం నొక్కి చూశాడు. మోచెయ్యి నొక్కాడు. నడినెత్తిన మెల్లగా తట్టాడు.

"భేషుగ్గా ఉందండి," అంటూ బీరువా తలుపు తీశాడు. గేటు బయట నూకరత్నం చువ్వలు పట్టుకుని చూస్తోంది.

"ఇంటికెల్తాను," అంది లోవకుమారి.

గొంతు ఏళ్ళుగా తీయని గొళ్ళెంలా గరగరలాడింది. అద్దం ముందు కూర్చోబెట్టి, పెదవులు కదిపి చూపిస్తూ, ఆ నోట ఒక్క మాట కోసం శేషారత్నం మూడేళ్ళు ఎదురుచూసింది. ట్యాబు ఇటు తిరిగి చూసింది. పట్టాభి పెన్ను మూత తీశాడు.

"నొక్కకుండానే... శబ్దం... చేయుచున్నది," అని పైకి అంటూ రాసుకున్నాడు. "నిజమేనండి, పెద్ద లోపమే. మరమ్మతు కొనసాగించండి. ఇక్కడ సాక్షి సంతకం."

శేషారత్నం గడి దాటకుండా సంతకం పెట్టింది.

ఇప్పుడు రోజూ నాలుగింటికి గంట కొట్టగానే ట్యాబు సంచీ తగిలించుకుని వెళ్ళిపోతుంది. ఎక్కడికని ఎవరూ అడగరు. లోవకుమారి బీరువా ముందు నిలబడి ఒక మాట అంటుంది. నిన్న "అమ్మా, పెసరట్టు" అని రెండు కలిపి అన్నది. శేషారత్నం చీటీ మీద గుండ్రటి అక్షరాలతో "లోపం నానాటికీ ముదురుతున్నది" అని రాసింది.

నూకరత్నం వేలిముద్ర వేస్తూ, రోజూ అడిగినట్టే భయంభయంగా అడిగింది.

"ఇంకా బాగవలేదు కదండీ?"

"లేదమ్మా. దేవుడి దయవల్ల ఇంకా లేదు."