మైపాడులో ముల్లు

ఆదివారం పొద్దున మైపాడు సముద్రం ఒడ్డున లాడ్జి గదిలో పళ్లు తోముకుంటూనే మునిశేఖర్ గట్టిగా నిర్ణయించుకున్నాడు. ఈ రోజు పిల్లలిద్దరి చేతా చేప తినిపించి తీరాలి. కుప్పంలో గ్రానైట్ ఫ్యాక్టరీ సూపర్‌వైజరుకు సముద్రం దాకా వచ్చేంత సెలవు మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. పిల్లలేమో కోడికూర, కోడిగుడ్డు తప్ప ఇంకేమీ ముట్టరు.

"చేప తింటే తెలివి పెరుగుతాదంట," అన్నాడు భార్యతో.

"పెరుగుతాది. దాంట్లో ముండ్లు గూడా ఉంటాయి గదా," అంది హరిత.

అతని తల్లి రత్నమ్మ మంచం మీద నుంచే అందుకుంది. "చెరువు చేపకే భయపడి సస్తాము. సముద్రం చేప ముల్లు ఎంతుంటాదో! పిల్లోళ్ల గొంతులో ఇరుక్కుంటే ఈడ మనకెవురుండారప్పా?"

ఎనిమిదేళ్ల దినేష్ బాధ వేరు. "దానికి కండ్లుండాయి నాయనా. ప్లేటులోంచి నన్నే సూస్తాది."

ఐదేళ్ల మునీశ్వరిది ఎప్పుడూ అన్న మాటే. "నన్ను గూడా సూస్తాది."

మధ్యాహ్నం ఇసుకలోనే వేసిన తాటాకు పాక హోటల్లో కూర్చున్నారు. అది నడిపే వెంకటలక్ష్మమ్మను పక్కకు పిలిచి, "కండ్లు లేని చేప ఉంటాదా అమ్మా?" అని మెల్లగా అడిగాడు మునిశేఖర్.

"తలకాయ తీసేస్తే ఏ చేపకీ కళ్లుండవు అబ్బయ్యా. వంజరం ముక్కలు పెట్టు. నడిమధ్య ముల్లు ఒక్కటే."

"ఆ ఒక్కటీ చాలదా," అంది రత్నమ్మ.

వేపుడు వచ్చింది. మునిశేఖర్ పట్టపగలు ఫోన్ టార్చి వేసి, ముక్కను విడదీసి, వేళ్ల మధ్య నలిపి నలిపి చూశాడు. ఆఖరికి అది ఉప్మాలా తయారైంది. మునీశ్వరి కళ్లు మూసుకుని నోరు తెరిచింది. నమిలింది. "ఇంగొంచెం," అంది. అతను ఎన్నికల్లో గెలిచినవాడిలా భార్య వైపు చూశాడు. అంతలో పాకలోకి ఒక పిల్లి వచ్చింది. దాన్ని చూద్దామని కుర్చీ దిగిన మునీశ్వరి కెవ్వుమంది.

"నాయనా! ముల్లు! ముల్లు!"

"నేను సెప్పలా!" అని రత్నమ్మ లేచి నిలబడింది. హరిత పాపను ఎత్తుకుని వీపు తట్టింది. వెంకటలక్ష్మమ్మ ఉత్త అన్నం ముద్ద చేసి నోట్లో పెట్టింది. మునిశేఖర్ పక్క బడ్డీ నుంచి అరటిపళ్లు తెచ్చాడు.

"మింగు తల్లీ, మింగు! ముల్లు యాడుండాది?"

నోటి నిండా అన్నంతో ఉన్న పాప వేలితో కిందికి చూపించింది.

"కిందికి దిగిపోయిందండీ!" అని హరిత ఏడ్చేసింది.

ఇక ఆలోచించలేదు. దినేష్‌ను రత్నమ్మకు అప్పగించి, ఇద్దరూ పాపను కారులో వేసుకుని నెల్లూరు వైపు పరుగు తీశారు. దారి పొడుగునా మునీశ్వరి "నాయనా, కా..." అన్నప్పుడల్లా, "కారం మంట, పాపం," అని హరిత ఇంకో అరటిపండు ముక్క నోట్లో కుక్కింది. మునిశేఖర్‌కు ఒకటే దిగులు. పాపకేమైనా అయితే తల్లికి ముఖం ఎలా చూపించాలి?

అక్కడ రత్నమ్మ ఊరుకోలేక పుంగనూరులో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి, ముల్లు తీయించను పోయినారని చెప్పింది. ఆ మాట మదనపల్లెలో హరిత పుట్టింటికి చేరేసరికి గొంతు కోసి తీస్తున్నారని మారింది. మునిశేఖర్ ఆసుపత్రి మెట్లెక్కుతుంటే హరిత అన్న భీమరావు ఫోన్.

"బావా, ఆపరేషన్ మొదలుపెట్టేసినారా? ఏం గ్రూపు రక్తం కావాల? నలుగురు మనుషుల్ని తీసుకోని బయల్దేరినా!"

"రక్తమా!" అని మునిశేఖర్ గోడ పట్టుకున్నాడు. ఫోన్ ఎప్పుడు కట్టయిందో కూడా అతనికి తెలియలేదు.

డాక్టరు పాప నోరు తెరిపించి, లైటు వేసి చాలాసేపు చూశాడు. "గొంతు శుభ్రంగా ఉందే. ముల్లు ఎక్కడమ్మా?"

మునీశ్వరి కుడికాలు ఎత్తి ఆయన బల్ల మీద పెట్టింది. "ఈడ."

డాక్టరు పాదంలోంచి పల్లేరు ముల్లు లాగి పారేశాడు. "మరి గొంతులో?" అని నీరసంగా అడిగింది హరిత.

"గొంతులో అరటిపండుండాది," అంది మునీశ్వరి.

తిరిగి వచ్చేసరికి పాకలో రత్నమ్మ ఇంకా ఫోన్‌లోనే ఏడుస్తోంది. ఆమె వెనక దినేష్ మూడో ప్లేటు వంజరం ముగిస్తున్నాడు. "అవ్వ ఇటు సూడలేదు నాయనా. బాగుండాది," అన్నాడు. రత్నమ్మ మనవరాలి పాదాన్ని ఒళ్లో పెట్టుకుని, ముందు నవ్వింది, తర్వాత కొడుకును తిట్టింది.

ఆ సంతోషంలో భీమరావు సంగతి అందరూ మరిచిపోయారు. గుర్తొచ్చి ఫోన్ చేసేసరికి అతను నాయుడుపేట దాటేశాడు. పొద్దుగూకే వేళకు రక్తం ఇవ్వడానికి వచ్చిన అయిదుగురూ ఆకలితో దిగారు. వెంకటలక్ష్మమ్మ రెండో పొయ్యి వెలిగించింది. పిల్లలు మామతో పోటీపడి చేప ముక్కలు లాక్కున్నారు. నడిముల్లు ఎలా తీయాలో దినేష్ అందరికీ నేర్పించాడు. రత్నమ్మ కూడా ఒక ముక్క రుచి చూసి, ఇంకోటి వేయించుకుంది.

మునిశేఖర్ మాత్రం పెరుగన్నం తెప్పించుకుని, అందులోని కరివేపాకు సైతం ఏరి పక్కన పెట్టి, మెల్లగా నమిలి మింగాడు.