జుంకాల మొక్కకు ముడత

ఆ పొద్దున సారయ్యకున్న పని ఒక్కటే. జుంకాల మొక్కకు నీళ్లు పోసి, కుండీ తుడిచి, మర్నాటికి సిద్ధం చేయాలి. భార్య సమ్మమ్మకు హనుమకొండ దవాఖానలో కంటి ఆపరేషన్ అయింది. కూతురు తోడుంది. "రేపు పట్టీ ఇప్పినంక ముందుగాల నా జుంకాలే చూస్త" అని చెప్పి పంపింది సమ్మమ్మ. చెవి జుంకాల్లా వేలాడే పూల ఆ మొక్క ఊటీ నుంచి తెప్పించుకున్న ఫ్యూషియా, మన ఎండలకు నిలిచే రకం కాదు. నాలుగేళ్లుగా మసక కళ్లతో దాన్ని సాకింది. పాపం, పూలను తడిమి మురిసిపోవడమే తప్ప కళ్లారా చూసింది లేదు.

తీరా చూస్తే కొసలన్నీ వాచి ముడుచుకుపోయి ఉన్నాయి. సారయ్య నలభై ఏళ్లు మిరప పండించిన మనిషి. చేనుకు తెగులొస్తే ఏం చేయాలో ఒకరు చెప్పనక్కర్లేదు. ఒక కొమ్మ విరిచి పురుగుమందుల దుకాణంలో చూపించాలి. విరిచాడు.

దుకాణదారు ఓంప్రకాశ్ కొమ్మను అటూ ఇటూ తిప్పాడు. "ఎండకు వాడిపోయింది కాకా. మొగ్గలున్న పచ్చి కొమ్మ తే."

తెచ్చాడు.

"ముదురు కొమ్మ గూడ జర చూడాలె."

అదీ తెచ్చాడు. అంతుబట్టక ఓంప్రకాశ్ పక్క దుకాణానికి పంపాడు. వాళ్లకు ఇంకొకరు చూసిన కొమ్మ పనికిరాదట, మళ్లీ కొత్తది విరిచాడు. పక్కింటి రాజమౌళి వ్యవసాయ శాఖలో చేసి రిటైరయినవాడు. పూలున్న కొమ్మలు రెండు అడిగి తీసుకుని, "ఫికర్ చెయ్యకు బావా, వారంల చెప్త" అన్నాడు.

సాయంత్రానికి కుండీలో రెండు మోళ్లు మిగిలాయి. పురుగు తిన్నది పావు వంతు, తక్కినదంతా విచారణకే సరిపోయింది. సారయ్యకు ఏడుపొచ్చింది. కుండీని ఒళ్లో పెట్టుకుని ఆటోలో హనుమకొండ నర్సరీకి వెళ్లాడు.

నర్సరీ నడిపే స్నేహలత కొసలు వాచి ముడుచుకున్న సంగతి విని, మోళ్లను పరీక్షగా చూసింది. "ఇది కంటికి కనబడని నల్లి పురుగు, పెద్దయ్యా. సోకిన కొసలన్నీ కోసెయ్యాలె, అదే అసలు మందు. మీరు ముందే కోసిండ్రు. ఎవరు చెప్పిండ్రు?"

"అనుభవం, బిడ్డా" అన్నాడు సారయ్య గంభీరంగా.

మర్నాడు పట్టీ విప్పారు. ఇంటికి రాగానే సమ్మమ్మ ఆ మోళ్లను చాలాసేపు చూసింది. ఆ చూపు ముందు అనుభవం నిలవలేదు. సారయ్య ఏ కొమ్మ ఏ దుకాణానికి పోయిందో మొత్తం ఒప్పేసుకుని, "నెల దినాలల్ల చిగురిస్తదట" అన్నాడు.

సమ్మమ్మ చూపు కుండీ మీంచి మెల్లగా లేచి ఆయన బట్టతల మీద ఆగింది.

"మొక్కకైతే చిగురొస్తది. నీ నెత్తి మీది ఎంటికలు ఏ దుకాణంల చూపిచ్చినవ్?"