కృష్ణలో మంచు మాయం!

హిమాలయాల్లో మంచు కరగడం లోకానికి అరిష్టమని ఎవరన్నారండీ? ఆ అన్నవాళ్లు ఎప్పుడూ కోదాడ వైపు రాలేదన్నమాట! వచ్చి, కాలువల ఆఫీసులో డిప్యూటీ ఇంజినీరు శ్రీహరి గారి ముఖం ఒక్కసారి చూసి ఉంటే ఆ మాట అనడానికి నోరు వచ్చేది కాదు. మంచు కరుగుతోందని తెలిసిన దగ్గర్నుంచి ఆ ముఖంలో ఎంత ప్రశాంతత, ఎంత నిగనిగ!

అంతకుముందు ఆయనది ఏం బతుకు! ఆఫీసు తలుపు తీయడమే ఆలస్యం, రైతులు వచ్చిపడేవారు. కృష్ణా కాలువ చివరి ఊళ్లకు నీళ్లు రాలేదంటారు. ఎందుకు రాలేదని అడుగుతారు. ఏం చెప్పాలి? పైన తూము షట్టరు తుప్పు పట్టి సగంలో బిగుసుకుపోయిందని చెప్పాలా? కాలువ నిండా గుర్రపుడెక్క అల్లుకుందని చెప్పాలా? ఏళ్లు గడుస్తున్నా రెండింటినీ ఎవరూ ముట్టుకోలేదని చెప్పాలా? పెద్ద చదువులు చదివిన ఆఫీసరు నోటితో అనాల్సిన మాటలేనా అవి?

ఆ కష్టకాలంలో ఆయన్ని ఓ శిక్షణకు పంపారు. ఎక్కడో కొండల మీది ఊళ్లో, మంచి భోజనాలతో. అక్కడ తెర మీద ఓ గీత చూపించారు. కొండల మీద ఏళ్ల తరబడి పేరుకుని మెల్లగా కిందికి జారే మంచును హిమానీనదం, ఇంగ్లీషులో గ్లేసియర్ అంటారట. వాతావరణం మారితే అది ఎంత కరుగుతుందో కంప్యూటర్లో లెక్కగట్టే మోడల్ ఒకటి ఉందట. ఎండలు పెరిగితే మొదట్లో మంచు ఎక్కువగా కరిగి నదుల్లో నీళ్లు పెరుగుతాయి. తర్వాత కరగడానికి మంచే మిగలక నీళ్లు తగ్గుతాయి.

శ్రీహరి గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. నీళ్లు ఎక్కువైనా మంచే కారణం! తక్కువైనా మంచే కారణం! ఒక ఆఫీసరుకు ఇంతకంటే పనికొచ్చే శాస్త్రం ఇంకేముంటుంది? నమ్మే ముందు మోడల్‌ను పాత కొలతలతో సరిచూడాలనీ, ఒక కొండకు కట్టిన లెక్క ఇంకో కొండకు పనికిరాకపోవచ్చనీ కూడా అక్కడ చెప్పారు. కానీ అప్పటికి టీ వచ్చింది.

తిరిగొచ్చాక చూడాలి ఆయన వైభోగం! కాలువ గట్టు తెగిందా? హిమాలయాల్లో మంచు జోరుగా కరిగింది. కాలువ ఎండిందా? మంచు అయిపోయింది. ఆఫీసు జీపు కదలనంటుందా? వాతావరణం మారింది, పాపం బ్యాటరీ తట్టుకోలేకపోయింది! ఓ పొద్దున సూర్యాపేట హైవే మీద మంచు కమ్మి ముందున్న లారీ కనపడకపోతే, "చూశావా, హిమాలయాల మంచంతా ఆవిరై ఇటే వచ్చేస్తోంది" అని డ్రైవరుకు బోధించారు. మంచు అంటే మంచే కదండీ! తెలుగులో మాట ఒక్కటే ఉన్నప్పుడు శాస్త్రం మాత్రం రెండు రకాలుగా ఎందుకుండాలి?

ఈ జ్ఞానం తలకెక్కని మనిషి ఒక్కతే మిగిలింది, పాలకీడు ఊరి సుమతి. కాలువ చిట్టచివర ఆమెకు కొద్దిపాటి పొలం ఉంది. యాసంగి వరి పొట్ట మీద ఉంది. ఇప్పుడు ఒక్క తడి పడితే గింజ పాలు పోసుకుంటుంది. పడకపోతే గడ్డే మిగులుతుంది.

"సారూ, ఒక్క తడి ఇయ్యిండ్రి. ఈ వారం దాటితే ఇగ ఖతం" అంది.

"నీళ్లు నా జేబులో ఉన్నాయా అమ్మా? పైన మంచు ఉంటేనే కింద నీళ్లు. గ్లేసియర్ మోడలింగ్ అని ఒకటి ఉందిలే. నీకు చెప్పినా అర్థం కాదు."

"మంచు సంగతి నాకెర్క లేదు సారూ. షట్టర్ బిగుసుకున్నదని మా ఊళ్లె అందరికెర్కే."

షట్టరట! ప్రపంచమంతా హిమాలయాల గురించి బెంగపడుతుంటే, ఈమె ఓ ఇనుప పలక దగ్గరే ఆగిపోయింది! శ్రీహరి గారికి జాలి వేసింది. జనంలో ఇంత అజ్ఞానం ఉండకూడదని సూర్యాపేటలో అవగాహన సదస్సు పెట్టించారు. ఫ్లెక్సీ మీద ఒక మంచుకొండ, కొండ కంటే పెద్దగా తన ఫొటో వేయించారు. పల్లెల నుంచి రైతులను బస్సుల్లో రప్పించారు. సుమతి కూడా వచ్చింది.

మాట్లాడటానికి మిర్యాలగూడ అమ్మాయి వందనను పిలిచారు. హిమానీనదాల మోడల్స్ మీదే పరిశోధన చేస్తూ, సెలవుకు ఇంటికి వచ్చిన పిల్ల. ఎంత మంచు పడుతుందో, ఎంత కరుగుతుందో, ఎండ కాస్త పెరిగితే ఆ లెక్క ఎలా తలకిందులవుతుందో చక్కగా వివరించింది. ముందు వరుసలోని పెద్దలు మంచు ఎంత మిగులుతుందో ఒక్క అంకె చెప్పి తెమల్చమన్నారు. మున్ముందు మనం ఎంత పొగ వదులుతామో తేలకుండా ఒకే అంకె చెబితే అది మోసమవుతుందని ఆమె అంది. పెద్దలకు అది నచ్చలేదు.

"ఒక్కటి మాత్రం యాదిలో పెట్టుకోండి" అంది చివర్లో. "కృష్ణా నదికి హిమానీనదాలు లేవు. అది వాన నీళ్లతో..."

శ్రీహరి గారు చటుక్కున మైకు లాక్కున్నారు.

"విన్నారా! లేవంట! సైంటిస్టే చెప్పింది. కృష్ణలో ఒక్క గ్లేసియర్ కూడా మిగల్లేదు!"

హాలు చప్పట్లతో మోగిపోయింది. కొందరు కళ్లు కూడా ఒత్తుకున్నారు.

"సార్, మిగల్లేదు అనలే నేను! అవి అసలు ఎన్నడూ లేవు!"

"చూశారా? ఎప్పుడో కరిగిపోయాయంట! పరిస్థితి అంత తీవ్రం!" అంటూ ఆయన ఆమెకు శాలువా కప్పేశారు. శాలువా కప్పాక ఎవరైనా మాట్లాడతారా? మర్నాడు పేపర్లో పెద్ద అక్షరాలతో వచ్చింది: కృష్ణలో మంచు మాయం!

సదస్సు అయ్యాక వందన మెట్ల మీద కూలబడింది. సిగ్గుతో ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. పక్కన నిలబడ్డ సుమతితో, "అక్కా, మీ నీళ్లకు మంచుతోటి ఏ సంబంధం లేదు. షట్టర్ సంగతే గట్టిగ అడుగుండ్రి" అంది.

"అడిగి అడిగి నోరు నొప్పి పుట్టింది బిడ్డా. ఆ సారు మంచు తప్ప ఇంకోటి వినడు" అంది సుమతి. అని, కొంగు నడుముకు బిగించింది. "మంచే గావాల్నా ఆయనకు? సరే తియ్యి!"

మర్నాడే కోదాడ ఆఫీసు ముందు ఒక ట్రాలీ ఆటో ఆగింది. సుమతి పక్క పొలం రైతు, తండా దీప్లాది ఆ ఆటో. మిర్యాలగూడ ఐసు ఫ్యాక్టరీలో కొన్న పెద్ద ఐసుగడ్డను ఊకలో పొదిగి, గోనెసంచులు కప్పి తెచ్చారు. నలుగురు పట్టి దాన్ని తిన్నగా శ్రీహరి గారి గదిలోకి మోసి, టేబుల్ ముందు దించారు.

"ఏంటయ్యా ఇది?"

"గ్లేసియర్ సార్" అన్నాడు దీప్లా వినయంగా. "మిర్యాలగూడల దొరికింది. దార్ల జర కరిగింది. ఎండలు మస్తుగున్నయ్ గద."

"మంచు లేకనే నీళ్లు వస్తలేవంటిరి గద సారూ" అంది సుమతి. "తెచ్చినం. ఇగ ఇడువుండ్రి నీళ్లు."

దాన్ని బయట పారేయిద్దామంటే నలుగురు మోసిన గడ్డను అటెండరు ఒక్కడు ఏం కదిలిస్తాడు? ఐసుగడ్డ హాయిగా తన పని మొదలుపెట్టింది. కాసేపట్లో గచ్చంతా నీళ్లు. శ్రీహరి గారు కాళ్లు రెండూ కుర్చీ మీదికి ముడుచుకున్నారు. సరిగ్గా అప్పుడే పై ఆఫీసరు ఫోన్ చేశారు.

"ఏమయ్యా, చివరి దాకా నీళ్లు అందాయా? మీటింగులో నేను చెప్పాలి."

శ్రీహరి గారు కిందికి చూశారు. నీళ్లు టేబుల్ కింద నుంచి, కుర్చీల మధ్య నుంచి సాగి, గడప దాటి, మెట్లు దిగి, క్రోటన్ కుండీల దాకా పోతున్నాయి. ఆయన ముఖం వెలిగిపోయింది.

"అందాయి సార్! చిట్టచివరి దాకా అందాయి. నా కళ్లతో చూస్తున్నా!"

సుమతికి ఒళ్లు మండిపోయింది. "నా పొలం నెర్రెలు బాస్తుంటె, నీ గచ్చు తడిసిందని చెప్తవా? నోరెట్ల వచ్చింది నీకు?" అంది. శ్రీహరి గారు ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, మెల్లగా మాట్లాడమని సైగ చేశారు.

నీళ్లు అందాయని పైవాళ్లకు తెలిసిపోయింది కాబట్టి ఇక వదలాల్సిన అవసరం ఎవరికీ కనపడలేదు. వారం దాటింది. పొట్ట మీదున్న పచ్చని వరిని సుమతి కొడవలి పట్టి కోసి బర్రెలకు వేసింది. కోస్తున్నంతసేపూ ఏడ్చింది. అదే వారం, వాతావరణ మార్పుపై చేసిన కృషికిగాను శ్రీహరి గారికి శాలువా కప్పారు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ఊరికే మంచును ఆడిపోసుకోకండి! ఆ మిర్యాలగూడ ఐసుగడ్డను ఏ మోడల్‌తో లెక్కగట్టినా తప్పు దొరకదు. ఎండకు కరిగింది, వాలుకు పారింది, చివరి కుండీ దాకా నీళ్లందించింది. ఎందుకు అందించదు? దాని దారిలో షట్టరు లేదు కదా!