తిరువూరులో చూడదగ్గ తాళం

ఇలా దగ్గరికి జరగండి, కాస్త చెవి పెట్టి వినండి. వింతలు చూడాలని జనం విమానాలెక్కి దేశాలు పట్టుకు తిరుగుతున్నారు గానీ, మా తిరువూరు బజారు చివరున్న అసలైన వింతను ఒక్కరూ పట్టించుకోవడం లేదు.

మా మనవరాలు హాసిని ఫోనులో చూపించింది. కొరియాలో మరుగుదొడ్డి ఆకారంలో ఇల్లు కట్టి టూరిస్టులకు చూపిస్తున్నారట. ఢిల్లీలో ఏకంగా మరుగుదొడ్ల మ్యూజియమే ఉందట. ఇంకెక్కడో చిమ్మచీకట్లో అన్నం పెట్టి టికెట్టు వసూలు చేస్తారట. ఆ ముచ్చట మాకు వేసవిలో ఇంటింటా ఉచితం.

మరి మాదేం తక్కువ? బజారులో ఆడవాళ్ళ కోసం కట్టిన మరుగుదొడ్డికి రిబ్బను కత్తిరించిన రోజే తాళం వేశారు. ఇంతవరకూ తీయలేదు. దేశం మొత్తంలో ఇంత శుభ్రమైన దొడ్డి ఇంకొకటి చూపించండి చూద్దాం. కిటికీలోంచి మెడ చాపితే నీలం టైల్సు తళతళా మెరుస్తూ కనిపిస్తాయి. సెల్ఫీలకు భలే వీలు.

తాళంచెవి చూసుకునే చైతన్యను నేనే అడిగాను.

“ఒకసారి తీస్తే ఏమవుద్ది నాయనా?”

“తీస్తే వాడేస్తారు మామ్మగారూ. వాడితే పాడైపోద్ది.”

ఎంత ముందుచూపు! ఈ ఇంగితం లేకనే కదా మిగతా ఊళ్ళ దొడ్లు కంపు కొడుతున్నాయి?

మగవాళ్ళకా, ఏ లోటూ లేదు. వాళ్ళకు పక్కనే గోడ ఉంది. దాని మీద ‘ఇచ్చట మూత్రము పోయరాదు’ అని పెద్ద అక్షరాలతో రాయించారు, చోటు వెతుక్కునే శ్రమ లేకుండా.

ఇక ఆడవాళ్ళకు ఈ తాళం నేర్పిన నిగ్రహం ఏ మునీశ్వరుడూ నేర్పలేడు. వినగడప నుంచి తొలి ఆటోలో ఆకుకూరల బుట్టతో దిగే సామ్రాజ్యాన్నే చూడండి. పొద్దున లేచింది మొదలు తిరిగి ఇల్లు చేరేదాకా గుక్కెడు నీళ్ళు ముట్టదు. రోహిణి ఎండల్లోనూ అంతే.

మొన్న ఆ తపస్సు ఫలించింది. నడుము పట్టుకుని బుట్ట పక్కనే ఒరిగిపోయింది. ఆస్పత్రికి నేనే తీసుకెళ్ళాను. మూత్రపిండాల్లో రాళ్ళన్నది డాక్టరమ్మ.

“రోజంతా నీళ్ళు తాగుతూనే ఉండాలి. లేదంటే కిడ్నీ పోతుందమ్మా.”

“తాగుతానండి. తాగి ఎక్కడికి పొమ్మంటారు?”

డాక్టరమ్మ మందులు రాసిచ్చింది.

బుట్ట మానేస్తే సామ్రాజ్యం ఇల్లు గడవదు. నిన్న మళ్ళీ వచ్చి కూర్చుంది. నేను సీసాడు నీళ్ళు పట్టుకెళ్ళి ఇస్తే గోంగూర మీద చిలకరించింది.

“నువ్వు తాగవే పిచ్చిదానా!”

“ఆకు తాగితే సాయంత్రం దాకా కూర్చుంటది మామ్మగారూ. నేను తాగితే గంటకే లేవాలి గదా,” అని నవ్వింది. నవ్వుతూనే నడుము నొక్కుకుంది.

కాబట్టి నాయనా, ఇది గుర్తుపెట్టుకుని నలుగురికీ చెప్పండి. తిరువూరులో చూసి తీరాల్సిన వింత ఉందనండి, అందర్నీ రమ్మనండి. ఆడవాళ్ళకు మాత్రం, బయలుదేరే ముందు నీళ్ళు తాగొద్దని చెప్పడం మరిచిపోకండి.