ఏడున్నర నంబరు తూటాలు

ఆ బుధవారం పొద్దున శశికళ పెట్టుకున్న పని ఒక్కటే. బిడ్డను ఎత్తుకుని చాకవేలు నుంచి బాగేపల్లి ఆసుపత్రికి పోవాలి, సూది వేయించాలి, మధ్యాహ్నం బస్సుకు ఇల్లు చేరాలి. ఏడాదిన్నర మంజుశ్రీకి సూది పడితే జ్వరం వస్తుందని ముందే మందు కొని పెట్టుకుంది. జ్వరం రాకపోతే ఎందుకు రాలేదో అడగడానికి నర్సమ్మ ఫోన్ నంబరు కూడా రాసి పెట్టుకుంది.

శశికళకు భయాలు చాలా. పాము, బావి, బిడ్డ గొంతులో అడ్డంపడే శెనక్కాయ గింజ, ఎన్నని చెప్పడం? వాటన్నిటికీ పెద్దది నడవ గోడకు రెండు కొయ్యల మీద పడుకుని ఉండే మామగారి రెండు గొట్టాల తుపాకి. చేలోకి దిగే అడవి పందులను బెదిరించడానికి ఎప్పుడో సర్కారు లైసెన్సు ఇచ్చింది. మంజుశ్రీ ఈ మధ్య బస్తాలు ఎక్కడం నేర్చుకుంది. మూడో బస్తా మీద నిలబడితే దాని చెయ్యి ఎంతదాకా అందుతుందో శశికళ తానే కొలిచి చూసి, ఆ పూట అన్నం తినలేకపోయింది.

"తుపాకి ఇంట్లో వద్దు మామా" అని ఎన్నిసార్లు మొత్తుకున్నా మునికృష్ణప్పది ఒకటే మాట. "తూటాలు పెట్టెలో ఉండాయి, బీగంచెవి నా మొలతాట్లో ఉండాది. ఉత్త గొట్టాలు ఏం చేస్తాయమ్మా? పడితే నెత్తి పగల్తాది, అంతే."

ఆ 'అంతే' విన్నప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదు.

కాఫీ తాగుతూ మామ అన్నాడు. "సూది ఇంగో వారం ఎయించచ్చులేమ్మా. ఇయ్యాళ నాతో చింతామణికి రా. తూటాలు కొనల్ల. డబ్బాల మీద ఇంగ్లీషు చదివేకి నువ్వుండల్ల."

ఎనిమిదో తరగతిలో బడి మానిపించినా, పగటిపూట ఆ ఇంట్లో ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలిగేది శశికళ ఒక్కతే. "తూటాలు ఏమిటికి మామా?" అంది.

చిక్కబళ్ళాపురం జిల్లా అయిన మరుసటి ఏడు అది. ఆ ఊరి దాపున బెంగళూరువాళ్ళు తుపాకుల క్లబ్బు ఒకటి పెట్టారు. యంత్రం గాల్లోకి మట్టి బిళ్ళలు విసురుతుంది, ఎగురుతున్న బిళ్ళను కాల్చి పగలగొట్టాలి. ఆదివారం పోటీకి లైసెన్సు ఉన్న రైతులను కూడా పిలిచారు. నిన్న కాఫీ హోటల్లో ఈ సంగతి వచ్చింది. వరసకు బావమరిది తిమ్మరాయప్ప, ఆయనకూ ఒక తుపాకి ఉంది, అందరి ముందరా నవ్వాడు. "నిలబడుకోని మేస్తాండే పందినే కొట్టలేకపోతివి. ఎగిరేదాన్ని యాడ కొడ్తావు బావా?"

"నేనూ ఊరుకోలే. ఒగ బిళ్ళన్నా పగలగొట్టలేదంటే నా తుపాకి పోలీసు స్టేషన్లో ఇచ్చేస్తా, మల్ల అడగనే అడగను అంటి" అన్నాడు మునికృష్ణప్ప, మీసం సర్దుకుంటూ.

శశికళ చేతిలో గ్లాసు అట్లాగే ఆగిపోయింది. ఒక్క బిళ్ళ కూడా పగలకూడదు. పగలకపోతే చాలు, తుపాకి ఇల్లు వదిలి పోతుంది. ఆమె లేచి చెంగు బిగించింది. "పా మామా, మొదటి బస్సుకే పోదాము."

నూనె మిల్లుకు బయలుదేరుతూ ఆమె భర్త అంబరీష్ వాకిట్లోంచి అరిచాడు. "ఎల్.జి. తూటాలే తేండి నాయినా! పందిని పడగొట్టేదానికి మట్టి బిళ్ళ ఒగ లెక్కా?"

చింతామణిలో తుపాకుల అంగడి రామచంద్రప్పది. అద్దం కింద చిన్న గిన్నెల్లో రకరకాల సీసపు గుండ్లు మాదిరికి పెట్టి ఉన్నాయి.

"దేనికప్పా తూటాలు?" అన్నాడాయన.

"మట్టి బిళ్ళలు కాల్చేకి."

"మట్టిని కాల్చేది కుమ్మరోళ్ళు గదప్పా! నా అంగడికొచ్చినావే?"

మునికృష్ణప్ప నవ్వబోయి, నోటినిండా ఆకువక్క ఉన్నది గుర్తొచ్చి ఉమ్మడానికి బయటికి పోయాడు. ఆ సందులో శశికళ చంకలోని బిడ్డను అటు మార్చుకుని గొంతు తగ్గించి అడిగింది. "అప్పా, వీట్లో అన్నిటికంటే పనికిరానివి యావి?"

ఆ అంగడిలో ఈ ప్రశ్న అడిగినవాళ్ళు అంతవరకు లేరు. ఆయన కాసేపు ఆలోచించి అడుగు అరలోంచి దుమ్ముపట్టిన డబ్బాలు లాగాడు. "ఇవమ్మా, ఏడున్నర నంబరు. ఎవురో బెంగళూరాయన తెప్పించమని చెప్పి, తీసుకపోయేకి రాలే. నంబరు పెరిగేకొద్దీ లోపలి గుండు సన్నమయితాది. ఎల్.జి. శెనగంత ఉంటే ఇవి ఆవగింజంత. వీట్లతో పందిని కొడితే, దురద పుట్టిందని గోక్కోని పోతాది."

శశికళ ముఖం వెలిగింది.

మామ తిరిగి వచ్చి "ఎల్.జి. ఇయ్యప్పా" అన్నాడో లేదో, ఆమె డబ్బా ముందుకు జరిపింది. "మామా, ఎల్.జి.కి నంబరే లేదు. ఇవి సూడండి, ఏడున్నర!"

"అయితే?"

"మన బోరుకు అయిదు హెచ్.పి. మోటారు ఉన్నప్పుడు నీళ్ళు యాడిదాకా పోతాండె?"

"చింతచెట్టు కాడికి."

"ఏడున్నర హెచ్.పి. ఎయించినాక?"

మునికృష్ణప్ప కళ్ళు పెద్దవయ్యాయి. "తిమ్మరాయని గట్టుదాకా!" అని, అనుమానంగా గొంతు తగ్గించాడు. "ఏడున్నరవి మనట్లాటోళ్ళకు ఇస్తారా? సర్కారు ఒప్పుతాదా?"

రామచంద్రప్ప నోరు తెరిచాడు. దుమ్ముపట్టిన డబ్బాలను చూశాడు, కొనేవాడిని చూశాడు, తెరిచిన నోరు మూశాడు. మళ్ళీ తెరిచి, "ఒప్పుతాదప్పా. వాపసు మాత్రం తీసుకోను" అన్నాడు.

సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది, మునికృష్ణప్ప ఏడున్నర హెచ్.పి. తూటాలు తెచ్చాడని. ఆయన చేని పక్క చేలవాళ్ళు పశువులను దూరంగా కట్టేసుకున్నారు. తిమ్మరాయప్ప పరుగెత్తుకొచ్చాడు. "బావా, అంత జోరుకు గొట్టం తట్టుకుంటాదా? పగిలి నీకేమన్నా అయితే మా అక్కకు నేనేం చెప్పల్ల?" అని కంటతడి పెట్టుకుని, మర్నాడు తానే చింతామణికి పోయి "పది హెచ్.పి.వి ఉండాయా?" అని అడిగాడు. పదివి లేవన్నారని ఉన్నవాటిలో లావువి, ఎల్.జి. డబ్బాలు, ఏరి తెచ్చుకున్నాడు.

అంబరీష్ మాత్రం ఒక తూటాను చెవి దగ్గర ఊపి చూశాడు. "ఏమే, దీంట్లో గుండ్లుండాయా, రాగులుండాయా?"

"నువ్వు నూనె సంగతి సూసుకో. మోటారు సంగతి మామకు తెలుసు" అంది శశికళ.

అంబరీష్ ఊరుకునే రకం కాదు. ఆదివారం పొద్దున ఆమె బిడ్డకు పాలు కాచే లోపల సంచిలోని డబ్బాలు తీసి, తండ్రి తెరిచి ఉంచిన పెట్టెలోంచి పాత ఎల్.జి. డబ్బా తెచ్చి పెట్టాడు. ఆయన స్నానానికి పోగానే ఆమె బరువు చూసి కనిపెట్టి, గాదె వెనక దాచిన ఏడున్నరవి వెతికి మళ్ళీ సర్దింది. అన్నేసి తూటాలు చేతులతో ముట్టుకోవడం ఆమెకు అదే మొదలు. ఒక్కటి కూడా కింద పడనీయలేదు.

క్లబ్బు గేటు దగ్గరే టోపీ పెట్టుకున్న సెక్రెటరీ అందరి సంచులూ విప్పించాడు. తిమ్మరాయప్ప తెచ్చిన డబ్బా చూసి అదిరిపడ్డాడు. "ఎల్.జి.నా! ఇంత లావు గుండు ఎంత దూరం పోతాదో తెలుసా? అవతల బస్సులు తిరుగుతాండాయప్పా. లోపలికి పంపేకి లేదు, పక్కన కూర్చోండి." వచ్చిన రైతులంతా పందుల తూటాలే తెచ్చారు. అందరూ వరసగా గేటు పక్కన బెంచీ మీద కూర్చున్నారు. మునికృష్ణప్ప డబ్బా విప్పగానే సెక్రెటరీ టోపీ తీశాడు. "ఏడున్నర! అట్లుండల్ల! మట్టి బిళ్ళకు సరైన తూటా ఇదే. ఎల్.జి.లో గుండ్లు వేళ్ళమీద లెక్కపెట్టచ్చు, వాటి సందుల్లో బిళ్ళ తప్పించుకోని పోతాది. దీంట్లో మూడొందలకు పైన ఉంటాయి. గాల్లో వల యిసిరినట్ల పరుచుకుంటాయి. ఎవురప్పా ఏరింది?"

శశికళ బిడ్డ చెవులు రెండూ మూసి, అందరికంటే వెనక పోయి నిలబడింది.

మొదటి బిళ్ళ ఎగిరింది, తప్పింది. రెండోది తప్పింది. మూడోదీ తప్పింది. బెంచీ మీద తిమ్మరాయప్ప దగ్గడం మొదలుపెట్టాడు. శశికళకు ప్రాణం కొంచెం లేచి వచ్చింది. ఆ రెండు కొయ్యలకు ఇంటికి పోగానే బిడ్డ గౌన్లు ఆరేయవచ్చు అనుకుంది. అంతలో నాలుగో బిళ్ళ ఆకాశంలో కుంకుమ చల్లినట్టు పొడిపొడి అయిపోయింది. ఆ తర్వాత మునికృష్ణప్ప ఆగలేదు.

రైతుల పోటీలో చివరిదాకా నిలిచింది ఆయన ఒక్కడే. అయినా కప్పు ఇచ్చారు. కప్పుతోబాటు మైకు కూడా ఇచ్చారు, అదే తప్పు.

"తూటాలు ఏరింది నా కోడలు!" అని మొదలుపెట్టాడు మునికృష్ణప్ప. "కొడుకు మాట ఇనింటే నేనూ తిమ్మరాయనితోబాటు బెంచీ మీద ఉందును. నాకు డెబ్బై దాటె. ఇంగ ఈ తుపాకి లైసెన్సు నా కోడలు శశికళ పేరుకు మార్పిస్తా. అందురూ సాక్షి!"

చప్పట్లు మోగాయి. శశికళ బోరున ఏడ్చింది. సంతోషం పట్టలేక ఏడుస్తోందని ఇంకా గట్టిగా కొట్టారు.

"నాయినా, దానికి తుపాకి కలలోకొచ్చినా జ్వరమొస్తాది!" అన్నాడు అంబరీష్.

"భయముండేవాళ్ళ చేతిలోనే ఉండల్లరా" అన్నాడు మునికృష్ణప్ప.

ఆ మాట దగ్గర శశికళ ఏడుపు ఆగింది. కళ్ళు తుడుచుకుని, మామను ఒకసారి, ఆయన భుజం మీది తుపాకిని ఒకసారి చూసింది. "అట్లే కానీండి మామా" అంది.

ఆ తర్వాత చిక్కబళ్ళాపురంలో జిల్లా అధికారి డి.సి. ఆఫీసు చుట్టూ తిరగడంలో అందరికంటే పట్టుగా ఉన్నది ఆమే. గుమాస్తా రేపు రమ్మంటే బిడ్డతో, ఫ్లాస్కుతో వచ్చి పొద్దుగూకేదాకా ఎదురుగా కూర్చుంది. విచారణకు వచ్చిన ఇన్‌స్పెక్టరు "నీకు తుపాకి ఏమిటికమ్మా?" అంటే "జాగ్రత్తగా పెట్టేకి సార్" అంది. లైసెన్సు చేతికి వచ్చిన మరుసటి పొద్దునే పాత దుప్పట్లో తుపాకి చుట్టించి, మామను వెంటబెట్టుకుని పోయి స్టేషన్లో బల్ల మీద పెట్టించింది.

మునికృష్ణప్ప ఖాళీ భుజం తడుముకున్నాడు. "గెలిచినాక గూడా స్టేషన్లోనేనా అమ్మా?" అన్నాడు.

"ఓడింటే మీరు ఇస్తాంటిరి మామా. గెలిచినారు గాబట్టి నేనిస్తాండా."

"మల్ల ఎప్పుడు తీసుకపోతావమ్మా?" అన్నాడు రైటరు, కలం తెరుస్తూ.

"పాప పెండ్లయినాక సార్."

తుపాకి ఎవరిదని అడిగితే మునికృష్ణప్ప ఇప్పటికీ గర్వంగా కోడలి పేరే చెబుతాడు. ఎక్కడుందని అడిగినప్పుడే ఆయనకు సరిగ్గా వక్క పంటికింద పడుతుంది.