చివరి ముక్క నుంచి

...అయినా మొదటి ముక్కతో పనేముంది, అనుకుంది కల్యాణి, బిర్సానగర్ ఇంట్లో ఆ ఉదయం ల్యాప్‌టాప్ మూస్తూ. తెలుగు సంఘం భోజనాలకు టోకెన్ల ప్రోగ్రాం ఆమే రాసింది. ఒక్కో టోకెన్ రెండువందల యాభై ఆరు బిట్ల సంఖ్య. అంత సంఖ్యను కంప్యూటరు నాలుగు ముక్కలుగా పోలుస్తుంది: మొదటి ముక్కలో వచ్చిన సమయం, చివరి ముక్కలో ఇంటి నంబరు. చివరి నుంచి పోలిస్తే త్వరగా తేలుతుందని మామగారి మాట. ఆ మామగారు తవిటయ్య, టాటానగర్ రైల్వే యార్డులో ముప్పై ఏళ్లు వ్యాగన్ నంబర్లు రాసుకున్న మనిషి. "ముందు అంకెలన్నీ ఒక్కలాగే ఉంటాయమ్మా. సివర సూత్తే చాలు," అనేవాడు.

ఆ ముప్పై ఏళ్లూ డ్యూటీ దిగి వచ్చేసరికి ఆయనకు దక్కింది ఆఖరి బంతి, పెరుగు అయిపోయాక. ఈ ఏడు రిటైరయ్యాడు. మొదటి బంతి కోసం ఆరింటికే వెళ్లి తొలి టోకెన్ తీసుకున్నాడు.

భోజనాల వేళకు సంఘం హాల్లో తెర మీద మొదటి పేరు హరిప్రసాద్‌ది. అతను అప్పుడే స్కూటరు దిగి ఆఖరి టోకెన్ తీసుకున్నాడు. ఇంటి నంబరు ఒకటి. తవిటయ్యది నూట తొంభై, జాబితాలో అన్నిటికన్నా పెద్దది.

"ఏటిది, సెక్రెటరీ బామ్మర్దని ముందా?" అంది జగదాంబ, పొద్దున్నుంచి కూర్చున్న పెద్దావిడ.

కల్యాణికి తప్పు తెలిసిపోయింది. నోరు తెరిచేలోగా తవిటయ్య లేచాడు. "కాదొదినా. ఎనకొచ్చినోలు సుట్టాల్లాటోలు. ఆలకి ముందెట్టాలని మా కోడలి రూలు."

హరిప్రసాద్ సిగ్గుపడ్డాడు. "నేను సుట్టాన్నేటి? పెహలే ఆప్ బైఠియే," అని జగదాంబను ముందు కూర్చోమన్నాడు.

"అంటే నాను సుట్టాన్నా?" అంది జగదాంబ.

ముందు కూర్చున్నవాళ్లు చుట్టాలై, సంఘానికి పరాయివాళ్లయిపోతారు. అరగంట ఆకులు ఖాళీగానే ఉన్నాయి, సాంబారు చల్లారింది. ప్రోగ్రాంలో ఒక్క వరుస మారిస్తే మామగారు మొదటి బంతిలో ఉంటాడు. కానీ అందరి ముందూ ఆయన మాట అబద్ధమవుతుంది. కల్యాణి వేలు ల్యాప్‌టాప్ మీట మీదే ఉండిపోయింది. చివరికి ఆకలే గెలిచింది. జాబితా వరసనే అందరూ కూర్చున్నారు.

ఆఖరి బంతిలో తవిటయ్య ఒక్కడే. వడ్డించేవాడు ఖాళీ పెరుగు బకెట్ వంచి చూపించాడు. కల్యాణి పక్కన కూర్చుంది.

"తప్పు నాదే మావయ్యా. చివర నుంచి పోల్చాను."

"ఎరికే. అదే వ్యాగనా కాదా అన్నదానికి సివర సూడాల. ఏది ముందో తేలాలంటే ముందునించి సూసి, తేడా కనపడ్డ కాడ ఆగిపోవాల. హరిప్రసాద్ పేరు సూడగానే ఎరికైపోనాది."

"మరి చెప్పలేదే?"

"అంతమందిలోనేటి?" అని ఆయన సాంబారు కలుపుకున్నాడు.

కల్యాణి ల్యాప్‌టాప్ తెరిచి, ప్రోగ్రాంలో ఆ ఒక్క వరుస మార్చి మీట నొక్కింది. తవిటయ్య పేరు మొదటికొచ్చింది. తిన్నవాళ్ల పేర్లు పోగా జాబితాలో మిగిలింది ఆ పేరొక్కటే.